స్టీరింగుకి ఎర్ర గుడ్డ

పోయిన వారం మేస్త్రి కూతుర్ని షెడ్డులో, బానెట్టు ఎత్తిన లారీ ముందు, ఏడవాలో ఎవరినైనా తిట్టాలో తెలియని స్థితిలో వదిలి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. లారీ కూడా అక్కడే ఉంది, అదే వణుకుతో.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. ఆమె మొగుడు ఈ లారీ నడిపేవాడు. పెట్రోలుతో నడిచే పాతకాలపు బండి. దాని ఈడు బళ్ళన్నీ ఎప్పుడో తుక్కులో కలిసిపోయాయి, ఇది మాత్రం మొండి ప్రాణంతో నెట్టుకొచ్చింది. ఒకరోజు సిమెంటు బస్తాల లోడుతో కొండ దిగుతూ, కింది మలుపులో కల్వర్టు గోడని కొట్టింది. డ్రైవరు పోయాడు. బస్తాల మీద కూర్చుని వస్తున్న ఎదురింటి హమాలీ కూడా పోయాడు. రోడ్డు మీద బ్రేకు వేసి ఈడ్చిన గుర్తు లేదు కాబట్టి డ్రైవరు నిద్రపోయాడని తేల్చేశారు. మొదట్లో ఆ మాట అన్నవాళ్ళ మీద అతని తల్లి మండిపడింది. తరవాత ఏమైందో ఏమో, పరామర్శకి వచ్చినవాళ్ళందరితో తనే చెప్పడం మొదలుపెట్టింది, "వాడు చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా, నిద్ర ఆపుకోలేడు" అని. కన్నతల్లే ఒప్పుకున్నాక ఇంక కాదనేవాళ్ళెవరు?

మేస్త్రి కూతురు మాత్రం ఒప్పుకోలేదు. నిద్ర వస్తే బండి పక్కకి తీసి, చక్రం నీడలో తువ్వాలు పరుచుకుని గుర్రుపెట్టే మనిషి ఆయన. ఆ అలవాటు వల్ల లోడు ఆలస్యమైందని ఎన్ని తిట్లు తిన్నాడో ఆమెకి తెలుసు. తిట్లు తినడానికి సిగ్గుపడని మనిషికి స్టీరింగు ముందు నిద్రపోవాల్సిన ఖర్మ ఏమిటి? కానీ ఆమె గోడు ఎవరికి కావాలి. వీధి కుళాయి దగ్గర హమాలీ పెళ్ళాం తన బిందెని దూరంగా జరుపుకుంటుంది, ఆమె బిందె తగలకుండా. "వాళ్ళాయన కునుకు తీశాడు, మా ఆయన శాశ్వతంగా పడుకున్నాడు" అని ఒకసారి అందరూ వినేలా అంది. మేస్త్రి కూతురు తలొంచుకుని నీళ్ళు పట్టుకుని వచ్చింది. ఆ రోజు నుంచి ఆమెకి కావలసింది ఒక్కటే. ఆయన నిద్రపోలేదని ఎవరైనా చెప్పాలి. మనుషులు చెప్పకపోతే బండి చెప్పాలి.

ఆ బండి ఇప్పుడు అన్న షెడ్డులో ఉంది. ఒకప్పుడు అది నాన్న షెడ్డు, ఊళ్ళో డ్రైవర్లందరికీ మేస్త్రి అంటే ఆయనే. అన్న లారీ ముందు భాగమంతా కొట్టి సరిచేశాడు, రేడియేటరు మార్చాడు, రంగు కూడా పూశాడు. ఇంజను మాత్రం కుదురుకోలేదు. తొక్కి పట్టుకుంటే నడుస్తుంది. ఎక్సలేటరు మీంచి కాలు తీస్తే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికి వణికి ఆగిపోతుంది. "కార్బొరేటరు పోయింది చెల్లీ, దానికి మందు లేదు" అన్నాడు అన్న. అసలీ బండి మనకొద్దు, తుక్కుకి ఇచ్చేద్దామని కూడా అన్నాడు. ఆమె వినలేదు. లైసెన్సు ఉంది, చేతులున్నాయి, తనే నడుపుకుంటానంది. అన్న విసుక్కుని, పాత సామాన్ల బజారులో ఇంకో కార్బొరేటరు చూసి వస్తాననీ, తను వచ్చేదాకా దేన్నీ ముట్టుకోవద్దనీ చెప్పి వెళ్ళాడు.

ముట్టుకోవద్దని ఎవరికి చెప్పాడు? నడక సరిగ్గా రాకముందే పానా పట్టుకున్న పిల్లకి.

అన్న సందు మలుపు తిరగగానే ఆమె గోడ మేకుకి వేలాడే ఎర్ర గుడ్డల్లోంచి ఒకటి తీసి లారీ స్టీరింగుకి కట్టింది. అది నాన్న పెట్టిన పద్ధతి. ఆమె పుట్టకముందెప్పుడో, చక్రం నట్లు బిగించని బండిని దాని డ్రైవరు, తాళంచెవి కనిపించింది కదా అని తోలుకుపోయాడట. ఆ చక్రం ఊడి వెళ్ళి ఎవరికి ఏం చేసిందో ఆ కథ నాన్న ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. చెప్పబోయి లేచి వెళ్ళిపోయేవాడు. ఆ మర్నాడే ఒక ఎర్ర తాను కొనుక్కొచ్చి ముక్కలుగా చింపాడు. మేకుకి తగిలించడానికి వీలుగా ప్రతి ముక్కకీ ఒక మూల ముడి వేశాడు. పని సగంలో ఉన్న బండి స్టీరింగుకి ఎర్ర గుడ్డ ఉంటుంది. అది ఉన్నంతసేపు తాళంచెవి ఎవరి జేబులో ఉన్నా ఆ బండి షెడ్డుదే. కట్టినవాళ్ళే విప్పాలి. ఈ షెడ్డుకి వచ్చే డ్రైవర్లందరికీ సంగతి తెలుసు కాబట్టి, గుడ్డ కట్టాక ఇంక నోటితో చెప్పే పని ఉండేది కాదు.

ఆమె మొగుడు కూడా పెళ్ళికి ముందు ఈ షెడ్డుకి వచ్చేవాడు. ఎప్పుడు చూసినా బండికి ఎర్ర గుడ్డే. "మీ చెల్లెలే కడుతోంది బావా, నన్ను కదలనీకుండా" అని అన్నతో వేళాకోళం ఆడేవాడు. అప్పటికి బావా కాదు, ఏమీ కాదు. ఆ వేళాకోళమే ముదిరి పెళ్ళిదాకా వచ్చింది. అంత నవ్వులాటలోనూ గుడ్డ ఉన్న బండి మెట్టు మీద కాలు పెట్టేవాడు కాదు. కడుపు కాలుతున్నా, అవతల లోడు తాలూకు మనిషి అరుస్తున్నా, బయట అరుగు మీద కూర్చుని బీడీ కాల్చుకునేవాడు.

ఆమె ఇంజను స్టార్టు చేసి, కాలితో తొక్కి పట్టుకునే పని లేకుండా కార్బొరేటరు దగ్గర స్క్రూ కాస్త బిగించి వదిలింది. బండి దగ్గింది, కుంటింది, ఎలాగో ఆగకుండా నిలబడింది. "ఊఁ, చెప్పు. ఏమిటి నీ ఏడుపు?" అంది దాంతో. నాన్న బళ్ళతో మాట్లాడేవాడు, ఆమెకీ ఆ జబ్బే అంటుకుంది.

ఇంజను ఆపి ప్లగ్గులు విప్పి చూసింది. తడి లేదు, మసి లేదు. మూతులు ఎండిన సున్నంలా తెల్లగా ఉన్నాయి. పెట్రోలు ఎక్కువైతే అవి నల్లగా మసిబారి ఉండాలి. ఇవి పెట్రోలు చాలక ఎండాయి, లేదా గాలి ఎక్కువై ఎండాయి. నిప్పు పుట్టించే పాయింట్లు శుభ్రంగానే ఉన్నాయి, నిప్పు నీలంగా పడుతోంది. కార్బొరేటరు మూత తీస్తే గిన్నె నిండా పెట్రోలు ఉంది. పెట్రోలు చిమ్మే జెట్లు విప్పి నోటితో ఊదింది, ఎక్కడా అడ్డం లేదు. అన్న అంతగా తిట్టిపోసిన కార్బొరేటరులో వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అన్నీ బిగించి మళ్ళీ స్టార్టు చేసి గాలి స్క్రూ తిప్పి చూసింది. లోపలికి తిప్పితే ఇంజను కుంటాలి, బయటికి తిప్పితే తేరుకోవాలి. ఎటు తిప్పినా దానికి చీమ కుట్టినట్టయినా లేదు. ఆఖరికి చోకు సగం లాగింది. పెట్రోలు కాస్త ఎక్కువ అందేసరికి వణుకు సగానికి సగం తగ్గింది.

అంటే కార్బొరేటరు తన పని తాను చేస్తూనే ఉంది. దానికి తెలియకుండా వేరే దారిన ఎక్కడినుంచో గాలి లోపలికి పోతోంది. ఒకరు గిన్నెలో పాలకి సరిపడా చక్కెర వేశాక ఇంకొకరు వెనకనుంచి నీళ్ళు పోస్తే ఎలా ఉంటుంది, అలాగన్నమాట. ఆ నీళ్ళు పోసేదెవరో తేలాలి.

సీసాలో సబ్బునీళ్ళు కలుపుకొచ్చి అతుకులన్నిటి మీదా కొంచెం కొంచెంగా పోసింది. కార్బొరేటరు కింద పోసింది, ఇంజనుకి గాలి పంచే మానిఫోల్డు అంచుల వెంట పోసింది. చీలిక మీద నీళ్ళు పడితే ఇంజను గొంతు మారుతుంది. మారలేదు. ఇక మిగిలినవి రబ్బరు పైపులు. సన్నపైపుని వేళ్ళతో నొక్కింది, తేడా లేదు. లావుపాటి పైపుకి గుడ్డ చుట్టి పటకారుతో గట్టిగా నొక్కి పట్టుకుంది.

వణుకు ఆగిపోయింది.

కడుపునిండా తిని అరుగెక్కి కూర్చున్న పెద్దమనిషిలా ఇంజను నింపాదిగా తిరగసాగింది. ఆమెకి ముందు సంతోషమే కలిగింది. అన్న వారాల తరబడి పట్టుకోలేనిది తను పట్టుకున్నందుకు, దాచుకోవడమెందుకు, కాస్త గర్వం కూడా కలిగింది. ఆ సంతోషం పట్టుమని కాసేపు కూడా నిలవలేదు. లావుపాటి పైపు ఎక్కడికి పోతుందో ఆమె చేతికి తెలుసు, బుర్రకి చేరడానికే కొంచెం ఆలస్యమైంది. అది బ్రేకు బూస్టరుకి పోతుంది.

ఈ బళ్ళలో ఇంజను ఊరికే బండిని లాగడంతో సరిపెట్టుకోదు. అది గాలి పీల్చే దారికి ఒక పైపు తగిలించి, బ్రేకు పెడలు ముందున్న గుండ్రటి రేకు డబ్బాకి కలుపుతారు. డబ్బాలో ఒక రబ్బరు పొర ఉంటుంది. డ్రైవరు కాలు ఇలా పెట్టగానే ఇంజను ఆ పొరని అవతలినుంచి లాగుతుంది, కాలి బలానికి అనేక రెట్లు బలం తోడవుతుంది. పొర చిరిగిందా, ఇంజను చిరుగులోంచి ఊరిగాలంతా పీల్చుకుని వణకడం మొదలుపెడుతుంది. పైపుని మూసేస్తే వణుకు పోతుంది. దాంతోపాటు బ్రేకుకి ఉన్న తోడూ పోతుంది.

పటకారు ఊడిరాకుండా తీగతో కట్టి, లోపలికి ఎక్కి పెడలు తొక్కింది. గోడని తన్నినట్టుంది. సీటుకి వీపు ఆనించి, రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, ఒంట్లో ఉన్న బలమంతా పెడితే కాస్త దిగింది. ఇది షెడ్డులో కదలకుండా నిలబడ్డ ఖాళీ బండి. కొండ దిగుతున్న బండి, వెనక సిమెంటు బస్తాలు, ఎదురుగా మలుపు అనుకుని ఆమె మళ్ళీ తొక్కి చూసింది. ఎంత తొక్కినా చక్రాలు బిగుసుకోని బండి రోడ్డు మీద గుర్తు ఎక్కడ వేస్తుంది? చదును రోడ్డు మీద గేర్లతోనే నెట్టుకొచ్చేవాడికి ఆ సంగతి కొండ దిగేటప్పుడు గానీ తెలిసి ఉండదు. ఆయన తొక్కే ఉంటాడు. మలుపుదాకా, గోడదాకా తొక్కుతూనే ఉండి ఉంటాడు. స్టీరింగు మీద తల ఆనించి ఆమె ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా ఇంతగా ఏడవలేదు.

ఏడుపు అయ్యాక ముక్కు తుడుచుకుని బూస్టరు విప్పింది. ఏడుస్తూ కూర్చుంటే డబ్బా చుట్టూ ఉన్న బోల్టులు వాటంతటవి ఊడిరావు. లోపలి రబ్బరు బ్రేకాయిల్ తాగి ఉబ్బిపోయి, చేతికి జిగురుగా అంటుకుంది. చిరుగు అరచేయంత ఉంది. దాని అంచులు అరిగి గుండ్రమయ్యాయి, చిరుగులో చేరిన మట్టి పెచ్చుకట్టింది. ఇది ఒక్క రోజులో, ఒక్క దెబ్బకి అయిన పని కాదు.

కానీ ప్రమాదం ముందురోజు సాయంత్రం అన్న ఈ బండిని తెచ్చి ఇంటి ముందు నిలిపినప్పుడు ఇంజను చక్కగా తిరిగిన చప్పుడు ఆమె చెవులారా విన్నది. చిరిగిన రబ్బరుతో చక్కగా ఎలా తిరుగుతుంది? ఆమె వంగి లావుపాటి పైపుని మళ్ళీ చూసింది. బండి అంతటికీ వయసు మీద పడింది, ఆ పైపు ఒక్కటి కొత్తగా నిగనిగలాడుతోంది.

అన్న వచ్చేసరికి ఆమె పనిబల్ల మీద రబ్బరు పరిచి దాని ముందు కూర్చుని ఉంది. అతని చేతిలో సంచి, సంచిలో కార్బొరేటరు. బల్ల వైపు చూశాక సంచి కింద పెట్టడం మరిచిపోయాడు.

"ముట్టుకోవద్దన్నాను కదా" అన్నాడు.

"అన్నావు."

"గుద్దినప్పుడు చిరిగుంటుంది చెల్లీ. ముందంతా నుజ్జయిపోయింది కదా."

"చేత్తో పట్టుకుని చూసి ఆ మాట చెప్పు."

అతను పట్టుకోలేదు.

"నాన్న ఉంటే ఈ రబ్బరు తీసి నీ ముఖాన కొట్టేవాడు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఇది చిరిగి ఎన్నాళ్ళయిందో నీకు నాకంటే బాగా తెలుసు. ఆ ముందురోజు బండి తెచ్చి మా గుమ్మం ముందు పెట్టావు. నేను పొయ్యి దగ్గరున్నాను, చప్పుడు విన్నాను. వణుకు లేదు. ఎలా పోయింది అన్నయ్యా వణుకు?"

అన్న గోడ వైపు చూశాడు, బండి వైపు చూశాడు, చెల్లెలి వైపు తప్ప అన్ని వైపులా చూశాడు.

"ఈ పైపు కొత్తది. పాత పైపేది?"

"పారేశాను."

"దాంట్లో ఏముంది?"

అతను సంచి అప్పటికి కింద పెట్టాడు. పక్కనే బోర్లించి ఉన్న ఆయిలు డబ్బా మీద కూలబడ్డాడు. ఒక్కసారిగా పదేళ్ళు మీద పడ్డట్టున్నాడు.

"బోల్టు ముక్క" అన్నాడు. "పైపులో దూర్చి క్లిప్పు బిగించాను. బావ వారం నుంచి చెవినిల్లు కట్టుకుని పోరుతున్నాడు, ఇంజను వణుకుతోంది, ఇంజను వణుకుతోందని. పైపు మూసి చూస్తే జబ్బేదో తెలిసింది. రబ్బరు కోసం వెళ్తే దుకాణం కట్టేశాడు. పొద్దున్నే తెచ్చి వేసేద్దామనుకున్నాను. షెడ్డులో చోటు లేక బండి మీ ఇంటి ముందు పెట్టాను."

"బ్రేకు లేని బండిని."

"లేకపోవడం కాదు, గట్టిగా..."

"లోడుతో కొండ దిగేవాడికి రెండూ ఒకటే అన్నయ్యా."

అతను తల దించుకున్నాడు.

"ఆయనకి చెప్పావా?"

"పడుకున్నాడన్నావు కదా. లేపనా అని నువ్వే అడిగావు. నేనే వద్దన్నాను, పాపం అలిసిపోయి వచ్చాడని."

అది నిజమే. తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి అడిగింది తనే.

"పోనీ నాకు చెప్పొచ్చు కదా. బండి తియ్యొద్దని ఒక్క ముక్క."

"చెప్పేదేముంది చెల్లీ? గుడ్డ కట్టాను కదా."

"ఏ గుడ్డ?" అంది ఆమె.

"ఎర్ర గుడ్డ" అన్నాడు అన్న. "నాన్న మీద ఒట్టు. స్టీరింగుకి నా చేత్తో కట్టాను. బావకి తెలియదా దాని అర్థం? ఈ షెడ్డులో ఆయనకి తెలిసినంత ఎవరికి తెలుసు? అందుకే నిశ్చింతగా ఇంటికెళ్ళి పడుకున్నాను. పొద్దున రబ్బరు తీసుకుని వచ్చేసరికి బండి లేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. నడిపేటప్పుడు ఎత్తడు కదా."

"మరి గుడ్డేది?"

"అదే నేనూ అడుగుతున్నాను, ఆ రోజు నుంచి నన్ను నేను. బండి పడ్డచోటికి వెళ్ళినప్పుడు క్యాబినంతా వెతికాను. లేదు. నాలుగు రోజులు పోయాక మీ అత్తయ్యని కూడా అడిగాను, స్టీరింగుకి ఏదైనా గుడ్డ చూశారా అత్తయ్యా, అది ఉంటే బండి కదపకూడదు అని. చూడలేదు బాబూ అంది. ఇంకేముంది, బావే విప్పాడు. హమాలీ వచ్చి తొందరపెట్టి ఉంటాడు, ఏమవుతుందిలే అని విప్పేసి వెళ్ళాడు." అన్న గొంతు తగ్గింది. "ఇది బయటపెడితే ఏమవుతుంది చెప్పు. నిద్రపోయాడంటే జనం ఏదో పోనీలే అంటారు. బ్రేకు లేదని తెలిసి, ఎదురింటి మనిషిని ఎక్కించుకుని తోలాడంటే ఊరుకుంటారా? బావ పేరు ఇంకా పాడవుతుందనే నోరు కుట్టేసుకున్నాను."

"ఆయన పేరు కోసమేనా?"

"నా కోసం కూడా" అన్నాడు. "బండి షెడ్డుకి చేరాక ఆ పాత పైపు నేనే మార్చాను, ఎవరూ చూడకుండా. మళ్ళీ బోల్టు పెట్టడానికి చెయ్యి రాలేదు. కొత్త బూస్టరు వేస్తే ఎందుకని నువ్వడుగుతావు. అందుకే కార్బొరేటరు కార్బొరేటరు అంటూ వచ్చాను."

అతన్ని కొట్టాలనిపించింది ఆమెకి. అతన్ని పట్టుకుని ఏడవాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు. చెవిలో ఒకటే మాట తిరుగుతోంది, బావే విప్పాడు, బావే విప్పాడు అని. ఆకలేసినా బండెక్కని మనిషి, అరుగు మీద బీడీ కాల్చుకుంటూ కూర్చునే మనిషి ఆ ఒక్క రోజు విప్పాడా?

"ఆయన విప్పడు" అంది.

"నాకూ అలాగే ఉంది. కానీ మరి విప్పిందెవరు?"

ఆమె ఆ పొద్దుటి పూటని మొదటినుంచీ గుర్తు చేసుకుంది. హమాలీ వచ్చి వీధిలోంచి కేకేశాడు. ఆయన పెరట్లో ముఖం కడుక్కుంటున్నాడు. తను డబ్బాలో అన్నం సర్దుతోంది. అత్తగారు బండి దగ్గరుంది. కొడుకు లోడుకి బయల్దేరే ప్రతిసారీ ముందు అద్దం తుడిచి పంపడం ఆవిడకి అలవాటు. తుడవందే కదలనిచ్చేది కాదు, అద్దం మసగ్గా ఉంటే వాడికి కళ్ళు లాగుతాయనేది. ఆ రోజు కూడా క్యాబిన్ తలుపు తెరిచి మెట్టెక్కి నిలబడి కేకేసింది, "అమ్మాయ్, పాత గుడ్డ ఏదైనా ఉంటే ఇలా పడెయ్" అని. తను వెతకబోయేలోపు మళ్ళీ అంది, "అక్కర్లేదులే, ఇక్కడే ఉంది" అని.

ఆ సాయంత్రం కబురు వచ్చేవేళకి తను పెరట్లో తీగ మీది బట్టలు తీస్తోంది. చీర తీసింది, ఆయన చొక్కా తీసింది. చొక్కా పక్కన ఒక ఎర్ర గుడ్డ ఉంది. అంతా ఆరింది కానీ మూల ముడి ఇంకా తడిగా చేతికి తగిలింది. ఇదేమిటి ఇక్కడ అనుకునేలోపే వీధిలో జనం చప్పుడు వినిపించింది. ఆ తరవాత ఆమెకి ఏ గుడ్డా గుర్తులేదు.

ఆమె లేచి నిలబడింది.

"ఎక్కడికి చెల్లీ?" అన్నాడు అన్న, తనూ లేస్తూ.

"ఇంటికి. ఆ బండి మీద చెయ్యి వెయ్యకు."

"రబ్బరు మార్చి..."

"స్టీరింగు చూడు అన్నయ్యా. కట్టింది నేను. నేనే విప్పాలి."

అతను క్యాబిన్ వైపు చూశాడు. ఎర్ర గుడ్డ కనిపించింది. మళ్ళీ డబ్బా మీద కూర్చున్నాడు.

షెడ్డు నుంచి ఇంటికి పెద్ద దూరమేమీ లేదు. ఆమెకి మాత్రం దారి ఎంతకీ తరగలేదు. అడుగడుక్కీ ఒక సంగతి తెలిసివస్తోంది. అత్తగారు జనం మీద మండిపడటం మానేసి, నిద్ర ఆపుకోలేడని చెప్పడం మొదలుపెట్టింది ఎప్పటినుంచి? అన్న వచ్చి అడిగి వెళ్ళిన దగ్గర్నుంచి. ఇంట్లో పూచికపుల్ల కనిపిస్తే సహించని మనిషి, కిటికీ అద్దం మీద వేలితో రాసేంత దుమ్ము పేరుకున్నా గుడ్డ పట్టుకోవడం మానేసింది ఎప్పటినుంచి? అప్పటినుంచే. కొడుకు పోయిన దిగులనుకుంది తను. ఆవిడ ముందు పళ్ళెం పెట్టి, తినండి అత్తయ్యా అని రోజూ బతిమాలింది.

ఎదురింటి గుమ్మంలో హమాలీ పెళ్ళాం పిల్లని ఒళ్ళో వేసుకుని జడ వేస్తోంది. ఈమెని చూసి ఎప్పటిలాగే ముఖం తిప్పుకుంది.

లోపల అత్తగారు గోడకి చేరబడి కూర్చుని ఉంది. కోడలి చేతులకున్న నల్లటి జిడ్డు చూసి, "బండి బాగైందా అమ్మాయ్?" అంది. ఆమె తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, పాత గుడ్డలు పెట్టుకునే అర ముందు నిలబడింది. ఒక్కొక్కటే తీసి కింద వేసింది. మసిగుడ్డలు, చిరిగిన తువ్వాలు, ఆయన పాత బనీను ముక్క. అర ఖాళీ అయింది.

"అక్కడ లేదమ్మా" అంది వెనకనుంచి అత్తగారు.

ఆమె వెనక్కి తిరిగింది. ముసలావిడ గోడ పట్టుకుని లేచింది, తన మంచం దగ్గరికి వెళ్ళింది, దిండు గలీబులో చెయ్యి పెట్టింది. బయటికి తీసిన ఎర్ర గుడ్డ శుభ్రంగా ఉతికి, చేత్తో సాపు చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది. మూల ముడి మాత్రం విప్పలేదు.

మేస్త్రి కూతురు ఆ ముడిని గుర్తుపట్టింది. ఎన్నాళ్ళుగానో ఎవరైనా చెబితే బాగుండునని తను ఎదురుచూసిన మాట ఆ గుడ్డలో ఉంది. ఆయన నిద్రపోలేదు, తెలిసి తోలలేదు. కానీ అది దొరికింది అత్తగారి దిండులో. దీన్ని తల కింద పెట్టుకుని ఈ మనిషి రోజూ ఎలా పడుకుంది? అసలు పడుకుందా?

"అత్తయ్యా" అంది ఎలాగో.

అత్తగారు చెయ్యెత్తి ఆపింది. ఏడవడం లేదు. ఏడుపు ఎప్పుడో అయిపోయిన ముఖంతో, తెరిచి ఉన్న వీధి తలుపులోంచి ఎదురింటి గుమ్మం వైపు చూసింది.

"ఆ హమాలీ పెళ్ళాన్ని కూడా పిలుచుకురా అమ్మాయ్" అంది. "ఈ మాట నేను రెండుసార్లు చెప్పలేను."